కృత్తికలను బంధించువాడు

ధ్యానమునకు వాక్యభాగములు: యోబు 38:31–33, యోబు 26:7–14, 2 కొరింథీయులకు 8:13–15



గడచిన మే నెలలో పిల్లల సెలవు బైబిలు బడి ముగింపు రాత్రి మన గుడిలో కరెంటు పోయెను. ఎంతసేపటికిని రాలేదు. పిల్లలను ఇండ్లకు పంపివేయుటకు మనసొప్పక, చాపలు బయటికి తెప్పించి ఆవరణములో పరపించితిమి. పాటలు పాడి పాడి గొంతులు అలసిన పిమ్మట పిల్లలు వెల్లకిల పడుకొని ఆకాశము చూచుచుండిరి. ఊరిలో ఎచ్చటను దీపము లేనందున ఆ రాత్రి చుక్కలు మిక్కిలి దట్టముగా కనబడెను.

నడినెత్తిన కొంచెము ఎర్రగా, పెద్దదిగా ఒక చుక్క వెలుగుచుండెను. అది స్వాతి. మన రైతులందరికి స్వాతి కార్తె తెలియును గాని స్వాతి చుక్కను చూపుమనిన చూపగలవారు కొద్దిమందే. ఏలయనగా ఆ కార్తె జరుగు దినములలో సూర్యుడు ఆ దిక్కుననే యుండును గనుక రాత్రి పొద్దుపోయిన తరువాత ఆ చుక్క కానరాదు. మన తెలుగు బైబిలులో యోబు గ్రంథము 9వ అధ్యాయము 9వ వచనమున ఈ పేరున్నది. హెబ్రీ మూలమందలి మాట సప్తర్షులనే సూచించునని పలువురు పండితులు చెప్పుదురు. ఆ తగవు ఇప్పుడు మనకు అక్కరలేదు.

పట్టణములో బి.ఎస్‌సి. చదువుచున్న మన సంఘపు కుమారుడొకడు ఆ రాత్రి మాతో ఉండెను. అతడు ఆ చుక్కను పిల్లలకు చూపి ఈ సంగతి చెప్పెను. వెలుగు ఒక సెకనులో దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సూర్యుని వెలుగు మనయొద్దకు ఎనిమిది నిమిషములలో వచ్చును. స్వాతి వెలుగు వచ్చుటకు 37 సంవత్సరములు పట్టును. ఆ చుక్కకు ఎంతో వెనుక, ఇంచుమించు అదే దిక్కున, వెలుగు 70 కోట్ల సంవత్సరములు ప్రయాణము చేయవలసినంత దూరమున, ఒక గొప్ప ఖాళీ చోటున్నది. 1981లో రాబర్ట్ కిర్ష్‌నర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును దానిని కనుగొనిరి. ఆ ఖాళీ యొక్క అడ్డుకొలత 33 కోట్ల కాంతి సంవత్సరములు. అంత చోటున వేలకొలది నక్షత్ర వీధులు ఉండవలసినది పోయి, వెదకగా వెదకగా కొన్ని పదులు మాత్రమే దొరికినవి.

ఒక చిన్నది లేచి కూర్చుండి, “అక్కడ దేవుడు లేడా అయ్యగారూ?” అని అడిగెను. ఉన్నాడని చెప్పితిమి. యోబు తన బాధలో శూన్యము మీద ఆకాశమును పరచినవానిని గూర్చి మాటలాడెను గదా. పిల్ల తృప్తిపడి పండుకొనెను. కాని ఆ కుమారుడు తృప్తిపడలేదు. అతని ప్రశ్న వేరు. ఒకచోట ఇంత దట్టము, ఒకచోట ఇంత పలుచన అయినప్పుడు, ఆకాశమంతయు ఒకే తీరుగా విస్తరించుచున్నదని పుస్తకములలో వ్రాసినది ఎట్లు సరిపడునని అతడు అడిగెను. మాకు ఉత్తరము తెలియలేదు. ఆ తరువాత కొన్ని నెలలు అతడు పంపిన పుస్తకములు చదివి, ఫోనులో అతనినే అడిగి, కొంత నేర్చుకొంటిమి. నేర్చుకొన్నదానిని మీతో పంచుకొనవలెనని ఈ నెల వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పొకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రితము ఒక ఉజ్జీవ కూటములో మేము యెషయా 40వ అధ్యాయము తీసికొని, దేవుడు ఆకాశమును తెరవలె పరచెనను మాటను చూపి, శాస్త్రజ్ఞులు 1929లో కనుగొన్నదానిని ప్రవక్త ముందే చెప్పెనని బల్ల గ్రుద్ది చెప్పితిమి. జనులు సంతోషముతో స్తోత్రములు చెల్లించిరి. ఈ కుమారుడు అప్పుడు బాలుడు, ముందు వరుసలో కూర్చుండియుండెను. తరువాత కాలేజీలో చదువుకొని వచ్చి, “అయ్యగారూ, శాస్త్రజ్ఞులు రేపు లెక్క మార్చుకుంటే మీరు యెషయాను మారుస్తారా?” అని అడిగెను. ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. యెషయా డేరా వేయువానిని చూచి, ఆ పోలికతో దేవుని మహిమను చెప్పెను. చెరలో నున్న జనులను ఓదార్చుటయే ఆయన పని. ఆకాశపు కొలతలు చెప్పుట ఆయన పని కాదు. ఆయన చెప్పనిదానిని ఆయన నోట పెట్టి మేము చప్పట్లు సంపాదించుకొంటిమి.

ఈ విషయములో మాకంటె వివేకముగా నడచినవాడు రోమను కథోలిక గురువొకడున్నాడు. బెల్జియము దేశస్థుడైన జార్జ్ లెమైత్ర్ 1927లోనే, హబుల్ తన లెక్కలు ప్రచురించుటకు రెండేండ్లు ముందుగా, విశ్వము విస్తరించుచున్నదని వ్రాసెను. 1951లో పోపు పన్నెండవ పయస్ ఈ సిద్ధాంతము సృష్టికి సాక్ష్యమన్నట్లు ప్రసంగించినప్పుడు లెమైత్ర్ సంతోషింపలేదు. అట్లు మరల చెప్పవద్దని ఆయన సలహాదారుల ద్వారా నచ్చజెప్పించెను. తన లెక్క వేదశాస్త్రమునకు సంబంధించినది కాదని ఆయన ఎంచెను. మనము ప్రొటెస్టెంటులమైనను ఆ గురువునొద్ద ఈ జాగ్రత్త నేర్చుకొనదగును.

ఇక విషయమునకు వత్తము. బైబిలు బడి ముగిసిన మరునాడు ఉదయము పిల్లలకు మన స్త్రీల సమాజమువారు పూరీలు వండిరి. అప్పడపు కర్ర క్రింద పిండి సమముగా సాగినప్పుడు పూరీ అంతయు గుండ్రముగా పొంగును. చిన్నపిల్లలు సరదాకు వత్తిన పూరీలో ఒక ప్రక్క మందముగాను, ఒక ప్రక్క పలుచగాను ఉండును. నూనెలో వేయగానే పలుచని ప్రక్క బుడగవలె లేచును, మందమైన ప్రక్క లేవక అట్లే పడియుండును. ఆకాశములో జరుగునది ఇట్టిదే. అయితే అక్కడ కారణము నూనె వేడిమి కాదు. పదార్థమునకు పదార్థమును లాగుకొను గుణమున్నది. ఎక్కడ పదార్థము దట్టముగా నున్నదో అక్కడ ఆ లాగుడు విస్తరణమును అడ్డగించును. మిక్కిలి దట్టమైనచోట విస్తరణము పూర్తిగా నిలిచిపోయి, అవి ఒకదానియొద్దకు ఒకటి చేరును. ఖాళీలో పట్టి ఆపువాడు లేడు గనుక అది పరిసరములకంటె త్వరగా పెరుగును.

ఇందుచేతనే మన దేహములు గాని, మన భూమి గాని, సూర్యుని చుట్టు తిరుగు గ్రహములు గాని సాగిపోవుట లేదు. అవి కట్టబడియున్నవి. మన నక్షత్ర వీధియు, 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నున్న ఆండ్రోమెడా వీధియు ఒకదానికొకటి కట్టబడినవే. 1912లో అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ వేధశాలయందు వెస్టో స్లైఫర్ అను ఆయన మొట్టమొదట ఒక వీధి యొక్క వేగమును కొలిచెను. కొలిచినది ఆ ఆండ్రోమెడానే. అది దూరముగా పోవుటలేదు, సెకనుకు 300 కిలోమీటర్ల వేగముతో మనవైపు వచ్చుచున్నట్లు కనబడెను! (అందులో ఎక్కువ పాలు సూర్యుడే మన వీధిలో తిరుగుటవలన కలిగినది. అది తీసివేసిన యెడల దాదాపు 110 కిలోమీటర్లు.) ఆయన ఆ ఒక్క కొలతతో ఆగిపోయి, అన్నియు దగ్గరకు వచ్చుచున్నవని తీర్మానించియుండిన ఎంత పొరపాటు కలిగియుండును? ఆయన ఆగలేదు. ఏండ్ల తరబడి ఒక్కొక్కదానిని కొలిచి చూడగా దాదాపు అన్నియు దూరముగా పోవుచుండెను. తొందరపడి బల్ల గ్రుద్దు మావంటి బోధకులు స్లైఫరును జ్ఞాపకము చేసికొనవలెను.

ఈ హెచ్చుతగ్గులు ఎక్కడనుండి వచ్చినవి? విశ్వమునకు ఇప్పుడు 1380 కోట్ల సంవత్సరముల వయస్సని లెక్క. మొదట అది చెప్పశక్యము కానంత సమముగా ఉండెను. ఆ తొలి కాలపు వెచ్చదనము యొక్క శేషము నేటికిని ఆకాశమంతట నిండియున్నది. 1992లో కోబె అను ఉపగ్రహము దానిని కొలిచి, అందులో లక్షకు ఒక పాలు మాత్రము హెచ్చుతగ్గు ఉన్నట్లు కనుగొనెను. లక్షలో ఒక పాలు! దమ్ము చేసి చదును చేసిన మడిలో నీరు పెట్టి చూచినవారికి ఇది తెలియును. కంటికి సమముగానే తోచును గాని, అర అంగుళము పల్లమైనచోట నీరు చేరును, అర అంగుళము మెరకైనచోట మొలక మాడును. ఆకాశములోను కొంచెము దట్టమైన తావు చుట్టునున్నదానిని లాగికొని మరింత దట్టమాయెను. కొంచెము పలుచనైన తావు తనకున్నదానిని పోగొట్టుకొని మరింత పలుచనాయెను. 2017లో పూనాలోని శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి 400 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున అట్టి ఒక మహా సమూహమును కనుగొని దానికి సరస్వతి అని పేరుపెట్టిరి. దాని పొడవు 60 కోట్ల కాంతి సంవత్సరములకు పైమాటే. ఆ లక్షలో ఒక పాలు హెచ్చుతగ్గు లేకపోయిన యెడల నక్షత్రము లేదు, భూమి లేదు, ఈ పత్రిక చదువు మీరును వ్రాయు మేమును లేము.

అయితే మన కుమారుడు అడిగిన ప్రశ్న ఇంకను మిగిలియున్నది. ఇన్ని హెచ్చుతగ్గులున్నప్పుడు మొత్తము విస్తరణము లెక్కించుటెట్లు? పెద్దల లెక్కలలో పదార్థమంతయు సమముగా పరచబడినట్లు ఎంచిరి. అట్లు ఎంచకుండ సాధింపవచ్చునని చూపినవారిలో మన దేశస్థుడొకడు ముఖ్యుడు. కలకత్తాలో పనిచేయుచుండిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ఒక సమీకరణము ప్రచురించెను. పదార్థము ఎక్కడ ఏ తీరున ఉన్నను, అచ్చట విస్తరణము ఎట్లు తగ్గునో అది చెప్పును. లోకమంతట విద్వాంసులు ఇప్పుడు దానిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు.

1998లో రెండు బృందములవారు దూరమున పేలిన నక్షత్రముల వెలుగును పరీక్షించి, అవి అనుకొన్నదానికంటె మసకగా ఉండుట చూచి, విస్తరణము నెమ్మదించుటకు బదులు త్వరపడుచున్నదని ప్రకటించిరి. 2011లో వారికి నోబెలు బహుమానము వచ్చెను. త్వరపెట్టు శక్తికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టిరి గాని అది యేమో ఎవరికిని తెలియదు. కొందరు వేరు త్రోవ చూపిరి. 2000లో తోమస్ బుఖెర్ట్ అను జర్మను విద్వాంసుడు సగటు తీయుటలోనే చిక్కున్నదని చూపెను. మేము దీనిని మేకల లెక్కతో గ్రహించితిమి. ఇద్దరు అన్నదమ్ములకు పదేసి మేకలున్నవి. అన్న మంద పెరుగదు. తమ్ముని మంద ఏటేట రెండింతలగును. ఇద్దరి మందలు కలిపి చూచిన, మొదట 20, తరువాత 30, ఆ తరువాత 50, ఆపైన 90. మొదటి యేట ఒకటిన్నర యింతలు, రెండవ యేట అంతకంటె ఎక్కువ, మూడవ యేట ఇంకను ఎక్కువ. ఎవని మందయు తన తీరు మార్చుకొనలేదు, అయినను మొత్తము త్వరపడుచున్నట్లు కనబడును. ఖాళీలు తమ్ముని మందవంటివి. అవి త్వరగా పెరిగి, కాలము గడచినకొలది విశ్వములో ఎక్కువ చోటు ఆక్రమించుకొనును.

న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరపు ఆచార్యుడు డేవిడ్ విల్ట్‌షైర్ 2007 నుండి ఇంకొక మాటను చేర్చెను. దట్టమైన పదార్థము దగ్గర గడియారము నెమ్మదిగా నడచునని ఐన్‌స్టీను చెప్పెను గదా. అట్లయిన మన వీధిలోని గడియారము మహా శూన్యములోని గడియారముకంటె దాదాపు నూటికి 35 పాళ్లు వెనుకబడునని ఈయన లెక్క. అనగా ఖాళీలో మనకంటె అనేక కోట్ల సంవత్సరములు ఎక్కువ గడచిపోయినవన్నమాట. డార్క్ ఎనర్జీ అక్కరలేదనియు, మనము ఒక్క గడియారముతో అంతటిని కొలుచుటవలన త్వరపడుచున్నట్లు తోచుచున్నదనియు వీరి వాదము. 2024లో తమ లెక్కలకు మరికొంత ఆధారము దొరికినదని వీరు ప్రచురించిరి. శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది ఒప్పుకొనలేదు. హెచ్చుతగ్గుల ప్రభావము నిజమే గాని అది స్వల్పమనియు, డార్క్ ఎనర్జీ లేక లెక్క కుదరదనియు వారందురు. విస్తరణపు వేగము విషయములోనే ఇంకను ఏకాభిప్రాయము లేదు. ఆదికాలపు వెచ్చదనమునుబట్టి కొలిచినవారు 67 అందురు, దగ్గరి వీధులనుబట్టి కొలిచినవారు 73 అందురు. కొందరు మనమే ఒక పలుచని తావున నుండుటవలన ఈ తేడా వచ్చెనేమో అందురు. ఈ వాదములో తీర్పు చెప్పుటకు మేము తగము. పరలోకపు కట్టడలు నీకు తెలియునా అని యోబును అడిగినవానికి మాత్రము తెలియును.

ఈ సంగతులన్నియు గత నెల ఒక గురువారము రాత్రి ఇంటి ప్రార్థనలో ఉత్సాహముగా చెప్పితిమి. హెచ్చుతగ్గులు లేకపోయిన మనమే లేమని, దేవుని జ్ఞానము ఎంత అద్భుతమని చెప్పుచుండగా, వెనుక గోడకు చేరగిలబడి కూర్చున్న ఒక కౌలు రైతు, ఎన్నడును నోరు విప్పి ఎరుగనివాడు, ఇట్లనెను: “అయ్యగారూ, ఆకాశంలోనే దేవుడు ఒకచోట కుప్పపోసి ఒకచోట ఖాళీగా వదిలేశాడంటే, మా ఇళ్లల్లో లేకపోటం కూడా ఆయన ఏర్పాటేనంటారా?”

ఇల్లంతయు నిశ్శబ్దమాయెను. ఆయన పెద్ద కుమార్తె ఈ సంవత్సరము ఫీజు కట్టలేక కాలేజీ మానుకొన్న సంగతి అక్కడనున్న అందరికి తెలియును. ఉత్సాహములో మేము ఎంత దూరము వచ్చితిమో అప్పుడు గ్రహించితిమి. మా మాట ఇంకొక అడుగు వేసిన యెడల, కలిగినవాడు కలిగియుండుటయు లేనివాడు లేకయుండుటయు సృష్టి ధర్మమని భూస్వాములు చెప్పు మాటయే అయ్యెడిది. మన తాతలు ఎవరి గుమ్మములయొద్ద ఆ మాట విని విని, క్రీస్తు సువార్త వినబడగానే అటు తిరిగిరో మీకు తెలియును.

“కాదు” అని చెప్పితిమి. ఆ రాత్రి చెప్పినది ఇంచుమించు ఇదియే. నక్షత్రములకు కారణమైన వాయువునకు దేవుడు ఆజ్ఞ ఇయ్యలేదు. నీ పొరుగువానిని ప్రేమించుమని దానితో చెప్పలేదు. అది తనకు పెట్టిన నియమము చొప్పున దట్టమైనవైపు పోవును, దానికి పాపము లేదు. మనతో ఆయన మాటలాడెను. అరణ్యములో మన్నా కురిసినప్పుడు ఎక్కువ కూర్చుకొనినవానికి మిగులకుండను తక్కువ కూర్చుకొనినవానికి తక్కువ కాకుండను చేసినవాడు ఆయనే. కొరింథు సంఘమువారికి పౌలు వ్రాసినప్పుడు ఆ మన్నా సంగతినే ఎత్తి, మీ సమృద్ధి యెరూషలేములోని పరిశుద్ధుల కొరత తీర్చవలెనని కోరెను. ఆయన వాడిన మాట సమానత్వము. దయ చూపుడని అడుగుటతో ఆయన ఊరకుండలేదు. ఆకాశములో పదార్థము పల్లమునకు పారు నీరువంటిది. సంఘములో నీరు మెరకకు ఎక్కవలెను. దానికి ఎవరో ఒకరు తోడిపోయవలెను.

ఆ రైతు మరల ఏమియు అనలేదు. అయితే ఆయన ప్రక్కనున్న ఒక పెద్దమ్మ, “అయితే మరి గుప్పెడు బియ్యం డబ్బులన్నీ గోడకే పోస్తున్నాం గదా నాయనా” అనెను. ప్రతి ఇంట వంటకు ముందు తల్లులు తీసి దాచు ఆ బియ్యము సొమ్ము మూడేండ్లుగా గుడి ప్రహరీ గోడకు కూర్చుచుంటిమి. ఆ తీర్మానము చేయించినవారము మేమే. తరువాతి ఆదివారము పెద్దలు కూడి మాటలాడిరి. ఇద్దరు ఒప్పుకొనలేదు. పశువులు గుడి ఆవరణములోనికి వచ్చుచున్నవనియు, మొదలుపెట్టిన పని మధ్యలో ఆపుట అవమానమనియు అనిరి. వారి మాటలోను న్యాయమున్నది. కడపట ఈ ఒక్క సంవత్సరమునకు ఆ సొమ్ము ఫీజులకు ఇయ్యవలెనని, వచ్చే సంవత్సరము మరల ఆలోచింపవలెనని తీర్మానమాయెను. ఆ చిన్నదానితో పాటు ఇంకను ఇద్దరు పిల్లలున్నారని అప్పుడే తెలిసెను.

మా కుమారుడు, అనగా ఆ బి.ఎస్‌సి. చదువువాడు, దసరా సెలవులలో వచ్చి మాతో ఆరాధనలో కూర్చుండెను. ప్రసంగము ముగిసిన తరువాత యోబు 38వ అధ్యాయమును గూర్చి మాటలాడుకొంటిమి. కృత్తికలను నీవు కట్టగలవా, మృగశిర కట్లను విప్పగలవా అని దేవుడు అడిగినది మనకందరికి తెలిసినదే. కృత్తికలు కంటికి ఆరేడు చుక్కలే గాని దుర్భిణిలో వేయికి పైగా ఉన్నవట. 440 కాంతి సంవత్సరముల దూరమున, ఒక్క కుప్పలో పుట్టి, ఒకదాని లాగుడు ఒకదానికి పట్టుగా ఉన్నవట. ఆ పట్టుకూడ నిత్యము కాదు, ఇంక 25 కోట్ల సంవత్సరములకు అవి విడిపోవును. యోబునకు ఇదంతయు తెలియునని మేము ఈసారి చెప్పలేదు. అతడు నవ్వెను. ఆ తరువాత అతడు అడిగిన ప్రశ్న వేరు. కట్టుటయు విప్పుటయు ఒక్కడే చేయుచున్నాడని యోబు ఎట్లు నమ్మగలిగెను, పిల్లలు చచ్చిన తరువాత కూడ? దానికి మాయొద్ద సిద్ధముగా ఉత్తరము లేదని చెప్పితిమి. వచ్చే నెల 42వ అధ్యాయము కలిసి చదువుటకు ఒప్పందము చేసికొంటిమి.

ఈ కార్తికములో చీకటి పడగానే కృత్తికలు తూర్పున లేచుచున్నవి. గోడ మోకాలెత్తు వరకే లేచి ఆగియున్నందున సాయంకాలము పిల్లలు దానిమీద వరుసగా కూర్చుండి వాటిని లెక్కపెట్టుచున్నారు. ఒకరు ఆరనిన ఒకరు ఏడందురు. నిన్న కాలేజీనుండి వచ్చిన ఆ చిన్నది ఎనిమిది లెక్కపెట్టితినని పందెము వేసెను.